అత్యవసరం కాని కాలు

తాళానికి గుడ్డ చుట్టి, దాని మీద కరిగిన లక్క బొట్లుబొట్లుగా పోస్తూ, మున్సిపాలిటీ మనిషి తల ఎత్తకుండానే అడిగాడు.

“ఊరు ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే, చెప్పుల కొట్టుకి ఏం తొందరొచ్చిందయ్యా?”

“చెప్పుల కొట్టు కాదు బాబూ. కాళ్ళు చేస్తాను,” అన్నాడు మేస్త్రి.

“అదేలే. కాళ్ళకి చేస్తావు.”

“కాళ్ళకి కాదు. కాళ్ళే చేస్తాను.”

ఆ మనిషి అప్పుడు తలెత్తి చూశాడు. మాస్కు పైన కళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. మళ్ళీ చేతిలోని కాగితం చూసుకున్నాడు. లైసెన్సులో స్పష్టంగానే ఉంది: పాదరక్షలు, తోలు వస్తువులు. ఆ కాగితం రాసిననాటి గుమాస్తా, కృత్రిమ కాళ్ళకి సరిపోయే గడి కనబడక, దగ్గర్లో ఉన్న గడిలో పడేశాడు. ఆ రోజు మేస్త్రి కూడా నవ్వేసి ఊరుకున్నాడు.

“నాకు కాగితమే ప్రమాణం. అత్యవసరాల జాబితాలో చెప్పులు లేవు,” అని ఆ మనిషి లక్క మీద ముద్ర నొక్కి, త్వరగా గట్టిపడాలని మాస్కు కిందికి లాగి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. ఊదాక మాస్కు సర్దుకుని, పక్క వీధికి వెళ్ళిపోయాడు.

మూసిన షట్టర్ వెనక ఏడు కాళ్ళున్నాయి. కొన్ని ఇంకా ప్లాస్టర్ అచ్చులే. రెండింటికి, మొండికాలు దిగే సాకెట్ పోత పోయడం అయింది. ఒకటి మాత్రం బల్ల మీద నిలబడి ఉంది. పాదం బిగించడం అయింది, పట్టీ కుట్టి, ఒక గంట నడిపించి చూస్తే చాలు. అది ఇస్త్రీ చెల్లెమ్మది. దాని కోసమే మేస్త్రి ఆ పూట షట్టర్ సగం ఎత్తాడు. రెండు వారాలు బుద్ధిగా మూసుకునే కూర్చున్నాడు. పదిహేనో రోజు ఉదయం చేతులు ఆగలేదు.

ఇంటికి పోకుండా అతను నేరుగా ఇస్త్రీ చెల్లెమ్మ ఉండే మేడకు నడిచాడు. మెట్ల కింద ఆమె ఇస్త్రీ బల్ల మీద గోనెపట్టా కప్పి ఉంది. పైన గదిలో ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టుకు కట్టు. మోకాలి కింద ఆగిపోయిన కాలిని దిండు మీద ఎత్తిపెట్టుకుంది.

“చేతికేమైంది?”

“ఏముందన్నా, మెట్లు దిగుతూ కర్ర జారింది. ఇప్పుడు కూర్చునే దిగుతున్నా, మెట్టు మెట్టుకీ ఒక నమస్కారం పెట్టుకుంటూ.” ఆమె నవ్వింది. “ఊళ్ళో జనమంతా ముడతల బట్టల్తో ఇంట్లోనే తిరుగుతున్నారట. ఇక నాతో ఎవరికి పని? ఆసుపత్రి నర్సులు మాత్రం బట్టలు తెస్తామంటున్నారు. రోజూ వేడి పెట్టె తగలాలట వాటికి. నిలబడి తోసే పని అది. కూర్చుని తోస్తే సాయంత్రానికి భుజం ఊడి చేతికొస్తుంది.”

మేస్త్రి ఆ మాటలు సగమే విన్నాడు. అతని చూపు దిండు మీద ఉంది.

“అది తీసెయ్యి.”

“హాయిగా ఉందన్నా.”

“ఆ హాయే కొంప ముంచుతుంది. తీసేసి కాలు చాపు.”

ఆమె దిండు తీసి కాలు చాపింది. మోకాలు మంచానికి ఆనలేదు. మేస్త్రి వంగి, అరచేయి దాని కిందకు పోనిచ్చాడు. నాలుగు వేళ్ళూ పట్టాయి. పైనుంచి మెల్లిగా నొక్కాడు. ఆమె పళ్ళు బిగించింది. మోకాలు కదల్లేదు.

“ఏంటన్నా, అలా చూస్తున్నావు?”

“ఏం లేదు. బోర్లా పడుకో రోజూ, పూటకో గంట. మోకాలి కింద దిండు పెట్టావంటే ఊరుకోను.” తలుపు దగ్గర ఆగి, “వారంలో నీ కాలు నీకు తెచ్చిస్తా,” అన్నాడు. అనేసిన తర్వాత గుర్తొచ్చింది, తాళం మీద లక్క ఉందని.

ఆ మాట భార్యకు చెబితే ఆమె కుట్టు మిషను ఆపి, “సీలు వేసింది చెప్పుల కొట్టుకే కదా. మనది చెప్పుల కొట్టు కాదని చెప్పడానికి నోరు లేదా మీకు?” అంది.

“ఎవరికి చెప్పమంటావు?”

“ముద్ర ఎవరిదో వాళ్ళకే. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకునే కదా బతికాం. ఇంకో ఇద్దరివి పట్టుకుంటే అరిగిపోతారా?”

మేస్త్రికి నవ్వొచ్చింది కానీ, కాళ్ళావేళ్ళా పడే రకం కాదతను. మర్నాడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పాస్ లేనిదే లోపలికి పోనివ్వనన్నాడు. పాసులు ఎక్కడిస్తారంటే లోపలన్నాడు. రెండో రోజు గేటు తెరవకముందే వెళ్ళి, మొదట వచ్చిన గుమాస్తాను పట్టుకున్నాడు. అర్జీ ఇచ్చి పొమ్మన్నాడాయన. అర్జీ ఇచ్చాడు కానీ పోలేదు. సాయంత్రం దాకా గోడవార నిలబడ్డాడు. మూడో రోజు కూడా అదే గోడ, అదే చోటు. మధ్యాహ్నానికి గుమాస్తాకే విసుగొచ్చి, “మేడం పిలుస్తున్నారు. రెండే నిమిషాలు,” అన్నాడు.

అనుమతులిచ్చే అధికారిణి గదిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గాలికి ఎగరకుండా ప్రతి కాగితాల కట్ట మీదా ఏదో ఒక బరువు ఉంది: పంచింగ్ మిషను, నీళ్ళ సీసా, తాళం గుత్తి. నలభై దాటిన మనిషి. నిద్రలేక కళ్ళ కింద వాపు. బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది.

“చెప్పండి. చెప్పుల షాపా?”

“కాదండీ,” అని మేస్త్రి మొదటినుంచీ చెప్పాడు. లైసెన్సులో గడి సంగతీ, షట్టర్ వెనక ఏడు కాళ్ళ సంగతీ. ఆమె విన్నది. విని, పెన్ను కింద పెట్టింది.

“మీ బాధ అర్థమైంది మేస్త్రిగారూ. కానీ అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళూ ఒక నెల కూర్చుంటే ఏమవుతుంది? ఎవరికీ ప్రాణాపాయం లేదుగా.”

“కూర్చుంటే మోకాలు ముడుచుకుని అలాగే బిగుసుకుపోతుందండీ.”

“అంటే?”

అతను చెయ్యి చాపి, మోచేతిని కొంచెం ముడిచి చూపించాడు. “ఇలా ఆగిపోతుంది. లోపల నరాలు పొట్టివైపోతాయి. మీరు నెల తర్వాతో రెండు నెలల తర్వాతో ఊరంతా తెరుస్తారు. అప్పుడు నేను బంగారు కాలు చేసిచ్చినా తొడుక్కోలేరు. మీకు నెలే. వాళ్ళకి ఇక జీవితమంతా. ఇస్త్రీ చేసే ఒకావిడకి ఇప్పటికే నాలుగు వేళ్ళ ఎడం వచ్చేసింది. నా చేత్తో కొలిచాను.”

ఫోను మోగి ఆగింది. ఆమె కుర్చీ పక్కకి తిప్పింది. కిటికీలోంచి చూస్తూ, “మా తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు,” అంది. “ఒక విందుకు వెళ్ళొచ్చాడు, ఒక్క పూట. పదకొండు రోజుల్లో పోయాడు. నన్ను చూడనివ్వలేదు. ఆ విందు జరిగిన హాలుకు అనుమతిచ్చింది ఈ ఆఫీసే, ఈ మూతలు మొదలవకముందు. సంతకం నాది.”

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నేను మూసేస్తే ఎందుకు మూశావని ఎవ్వరూ అడగరు. తెరిచినందుకే అడుగుతారు. మీ ఇస్త్రీ ఆవిడ నా గదికొచ్చి అడగలేదు కదా.”

“రాలేదండీ. మెట్లు దిగలేక రాలేదు.”

ఆమె అతని వంక చూసింది. కోపమో, మరేమిటో అతనికి అంతుపట్టలేదు. కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

“వారం రోజులు. ఎనిమిది నుంచి పన్నెండు. రోజుకి ఐదుగురు, ఆరో మనిషి రాకూడదు. మీ షాపు వల్ల ఒక్కరికి జబ్బు వచ్చిందని తెలిసినా మళ్ళీ నా సంతకం దొరకదు.”

“ఒక్కరికి కూడా రానివ్వనండీ,” అన్నాడు మేస్త్రి.

“అది మీ చేతుల్లో లేదు,” అంది ఆమె. “నా చేతుల్లోనూ లేదు. తీసుకెళ్ళండి.”

*

మర్నాడు ఇస్త్రీ చెల్లెమ్మను ఆటోలో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. సాకెట్ లోపల పౌడరు చల్లి, సాక్సు తొడిగి, కాలు లోపలికి దింపి చూస్తే సగంలోనే ఆగింది. మూడు వారాల్లో కండ ఉబ్బింది. మేస్త్రి సాకెట్ తీసి, పౌడరు ఎక్కడెక్కడ చెరిగిందో దీపం కింద చూసి, ఆ చోట్ల వేడిగాలి పట్టించి, మెత్తబడగానే బొటనవేళ్ళతో బయటికి నెట్టాడు. ఆరాక మళ్ళీ తొడిగాడు. మళ్ళీ తీశాడు. ఐదోసారికి దిగింది. ఇక మోకాలు. అది ఎంతవరకు సాగుతుందో అంతవరకే, సాకెట్‌నీ పాదాన్నీ కలిపే పైపును ఒంచి, బోల్టులు బిగించాడు.

“నిలబడు.”

రెండు కర్రల మధ్య ఆమె నిలబడింది. మేస్త్రి భార్య ఎదురుగా వెనక్కి నడుస్తూ, “నన్ను తొక్కేస్తావేమోనని భయపడకు, నాకు రెండున్నాయి,” అంది. ఇస్త్రీ చెల్లెమ్మ పకపకా నవ్వి, ఆ నవ్వులో నాలుగడుగులు వేసేసింది.

“కొంచెం వంగి నడుస్తావు కొన్నాళ్ళు,” అన్నాడు మేస్త్రి. “రోజూ బోర్లా పడుకుంటే నెలనెలా పైపు తిన్నగా చేస్తూ పోతా. ఇంకో నెల ఆగి ఉంటే అదీ ఉండేది కాదు.”

ఆ సాయంత్రమే ఆమె మెట్ల కింద గోనెపట్టా తీసిందని తెలిసింది.

వార్త ఎలా పాకిందో గానీ రెండో రోజుకి సందులో ఎనిమిది మంది ఉన్నారు. షాపు ఎదురుగా ఉన్న ఆసుపత్రి వెనక గోడ పొడుగునా కర్రలు, చక్రాల కుర్చీలు. వాళ్ళని అదుపులో పెట్టింది కండక్టర్ గారు. బస్సులో ముప్పై ఏళ్ళు నిలబడే టికెట్లు కొట్టిన మనిషి, చక్కెర జబ్బుకు కుడికాలు పోగొట్టుకున్నాడు. ఒళ్ళు తగ్గి సాకెట్ వదులైతే, కూతురు స్కూటరు మీద తెచ్చి దింపి పనికెళ్ళింది. తన వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక సందంతా తన బస్సే అనుకున్నాడు.

“దిగేవాళ్ళు దిగితేనే ఎక్కేవాళ్ళు ఎక్కాలి! వెనక్కి జరగాలి, వెనక్కి! అమ్మా, నీకూ ఆయనకీ మధ్య ఇంకో మనిషి పట్టాలి!”

“మాస్కు పైకి లాగండి కండక్టర్ గారూ,” అని లోపలినుంచి మేస్త్రి అరిచాడు.

“విజిలు ఊదిన నోరయ్యా ఇది. గుడ్డ కడితే మాట బయటికి రాదు.”

రెండుసార్లు చెప్పాడు మేస్త్రి. మూడోసారి చెప్పే తీరిక లేకపోయింది. ఐదుగురు అయ్యాక షట్టరు దించబోతే, ముగ్గురు మిగిలారు. వాళ్ళలో ఒకాయన కూరగాయల లారీ ఎక్కి వచ్చాడు. పొమ్మంటే ఎక్కడికి పోతాడు? ఒక్కడికే అనుకుని ఎత్తిన షట్టరు ముగ్గురికీ ఎత్తాడు. మేస్త్రి చూపు గోడ మీది అనుమతి కాగితం వైపు పోయింది. పోయిన చూపును వెనక్కి తెచ్చుకుని పని చేసుకున్నాడు. అలా నాలుగు రోజుల్లో ఇరవై ముగ్గురయ్యారు. ప్రతి ఒక్కరి ముందూ మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రతి ఒక్కరి తొడ చుట్టూ టేపు వేసి పట్టీ కొలిచింది అతని భార్య. కండక్టర్ గారి సాకెట్‌కు లోపల కొత్త పొర అతికించడం మూడో రోజునే అయిపోయింది. అయినా నాలుగో రోజూ వచ్చాడు, ఐదో రోజూ వచ్చాడు. “ఇంట్లో కూర్చుంటే నేను ముసలాణ్ణి. ఇక్కడ డ్యూటీలో ఉన్నా,” అన్నాడు.

ఐదో రోజు పొద్దున జిగురు సొల్యూషన్ డబ్బా మూత తీసి పొర అంటిస్తుంటే మేస్త్రికి కళ్ళు మండాయి.

“ఫ్యాను వెయ్యి. ఘాటుకి తల తిరుగుతోంది.”

కళ్ళద్దాలు మసకబారుతున్నాయని మాస్కు గడ్డం కిందికి లాక్కుని పట్టీలు కుడుతున్న భార్య, “ఏం ఘాటు?” అంది.

డబ్బా ఆమె మోచేతి పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ వాసన మీద సణిగేది ఆమే. ఇంటికెళ్ళాక తలంటుకుంటే తప్ప పోదనేది. ఆమె సూది గుచ్చి పక్కన పెట్టి, డబ్బా ఎత్తి, ముక్కు దాకా తెచ్చుకుంది. ఒకసారి గట్టిగా పీల్చింది. రెండోసారి పీల్చింది. డబ్బా కింద పెట్టి, భర్త వంక చూసింది.

బయట కండక్టర్ గారి గొంతు. కర్రల చప్పుడు. ఎవరో నవ్వుతున్నారు.

“నిన్న రాత్రి ఒళ్ళు నొప్పులన్నావు,” అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

“పనికి అనుకున్నా.”

బల్ల మీద సగం అంటించిన పొర అంచులు పైకి లేస్తున్నాయి. ఇంకో అరగంటలో ఒత్తకపోతే పాడైపోతుంది. బయట ఆరుగురున్నారు. ఎవరికీ తెలీదు. ఈ ఒక్క పూట భార్యను ఇంటికి పంపేసి తనొక్కడే చేస్తే? తనకేమీ లేదుగా. మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత డబ్బాకు మూత పెట్టాడు. మూడు రోజులు గోడవార నిలబడి తెరిపించుకున్న షట్టరును లోపలినుంచి తనే కిందికి లాగి, జానెడు సందు వదిలి, నేల మీద కూర్చుని ఆ సందులోంచి మాట్లాడాడు.

“ఏంటి మేస్త్రీ, బండి బ్రేక్‌డౌనా?” అన్నాడు కండక్టర్ గారు.

“అందరూ వెళ్ళిపోండి. దగ్గరికి రావద్దు. మా ఆవిడకి వాసన తెలీడం లేదు.”

షట్టరు కింది సందులోంచి మేస్త్రికి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, తను చేసినవీ, దేవుడు చేసినవీ. అవి ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి.

“ఎవడు తెరవమన్నాడయ్యా నిన్ను?” అని ఒక గొంతు లేచింది. “కాలు ఇస్తానని పిలిచి జబ్బిస్తావా?”

ఇంకో గొంతు, ఆడమనిషిది. “నా సంగతేంటి మరి? పాల వ్యాను వాణ్ణి బతిమాలుకుని వచ్చాను. మళ్ళీ ఎప్పుడు రాగలను? నాకు జబ్బొస్తే వచ్చింది, లోపలికి రానివ్వండి.”

“రానివ్వనమ్మా.”

“నా కష్టం నీకేం తెలుసు?”

“తెలుసు. అయినా రానివ్వను. మోకాలు చాపి పడుకో. కట్టు బిగించి కట్టుకో. పదిహేను రోజుల తర్వాత మొదటి కాలు నీదే.”

ఆమె తిట్టింది. తిడుతూనే చాలాసేపు నిలబడింది. అందరి చప్పుళ్ళూ సద్దుమణిగాక ఆమె కర్ర చప్పుడు ఒక్కటే సందు చివరిదాకా వినబడింది.

మేస్త్రి మొదటి ఫోను అధికారిణికి చేశాడు. రోజుకి ఐదుగురని చెప్పి ఎక్కువమందిని రానిచ్చిన సంగతి కూడా దాచలేదు.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు,” అంది ఆమె.

“తెలిసేది కాదండీ.”

“మరెందుకు చెప్పారు?”

“ఈ నాలుగు రోజుల్లో ఇరవై ముగ్గురిని ముట్టుకున్నాం. వాళ్ళకి పరీక్షలు చేయించాలంటే మీరే చేయించగలరు.”

కాగితం తిప్పుతున్న చప్పుడు. “నంబర్లు చెప్పండి,” అంది. గొంతులో ఏమీ లేదు.

ఆమె మనుషులు వెళ్ళేలోగా తనే అందరికీ చెప్పాలని అతను ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. కొందరు భయపడ్డారు, కొందరు ధైర్యం చెప్పారు, ఇద్దరు మాట వినకుండానే పెట్టేశారు. కండక్టర్ గారు మాత్రం, “నన్నేం చేస్తుందయ్యా? రోజుకి వెయ్యిమంది నా మొహం మీద దగ్గారు,” అన్నాడు.

*

భార్యకు నాలుగు రోజులు జ్వరం కాసింది. మేస్త్రికి రెండు రోజులు గొంతు మండి ఊరుకుంది. వాకిలికి మున్సిపాలిటీవాళ్ళు ఎర్ర కాగితం అంటించారు. ఇరుగుపొరుగు కిటికీలు మూసుకున్నారు. రోజూ పొద్దునే మెట్ల మీద ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు బరువుగా పడేది. పరీక్షలో ఏమీ లేదని తేలిన ఇస్త్రీ చెల్లెమ్మ గుమ్మం బయట సంచి పెట్టి, నాలుగు మెట్లు దిగి, అక్కణ్ణుంచి పిలిచేది.

“అన్నా, పాలూ మందులూ పెట్టాను. వదినకెలా ఉంది?”

“తిండికి రుచి లేదని తిడుతోంది.”

“నువ్వు వండితే జబ్బు లేకపోయినా అంతే.” లోపలినుంచి భార్య దగ్గుతూ నవ్వేది. “నర్సులవి రోజుకి రెండు మూటలొస్తున్నాయన్నా. నిలబడే చేస్తున్నా.”

ఇరవై ముగ్గురిలో నలుగురికి జబ్బని తేలింది. ముగ్గురు ఇంట్లోనే కోలుకున్నారు. ఎనిమిదో రోజు కండక్టర్ గారిని ఆసుపత్రిలో చేర్చారు. పన్నెండో రోజు పోయాడు.

ఆ కబురు విన్నాక మేస్త్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజంతా అన్నం ముట్టలేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగే మనిషి అలా పడుకుంటే భార్యకు భయమేసింది.

“ఆయన్ని మీరు రమ్మనలేదు. కాలు అయిపోయాక కూడా ఆయనే వచ్చాడు. మాస్కు పెట్టుకోమని చెప్పారు కూడా.”

“రెండుసార్లే చెప్పాను.”

“ఆయన పిల్లాడేం కాదు.”

“రోజుకి ఐదుగురైతే వరసే ఉండేది కాదు. వరస లేకపోతే ఆయనకి డ్యూటీ ఉండేది కాదు.” ఆమె అన్నం పళ్ళెం మీద మూత పెట్టింది.

పదిహేనో రోజు పరీక్షలో ఇద్దరికీ జబ్బు లేదని తేలింది. మేస్త్రి చొక్కా తొడుక్కుని మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరాడు. “ఏ మొహం పెట్టుకుని వెళ్తారు?” అంది భార్య, బాధగానే.

“ఉన్న మొహమే. పాల వ్యాను ఆవిడకి మాటిచ్చాను.”

ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. అధికారిణి అతన్ని చూసి కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

“ఒకాయన పోయారండీ.”

“తెలుసు. కాగితం నా దగ్గరికే వచ్చింది.”

“మా షాపులోనే అంటుకుని ఉంటుంది. మీరు ముందే చెప్పారు, ఒక్కరికి వచ్చినా సంతకం పెట్టనని. అయినా అడగడానికొచ్చాను. ఈసారి ఐదుగురంటే ఐదుగురే. ఫోను చేసి టైమిస్తాను, వరస ఉండదు. కుర్చీ సందులో వేస్తాను, కొలతలన్నీ బయట గాలిలోనే. మా ఆవిడ ఇంట్లోనే కుడుతుంది.”

ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

“ఆ పెద్దాయన నా లెక్కలో పడ్డాడు మేస్త్రిగారూ. రేపు పైవాళ్ళకి పంపే కాగితంలో ఒక అంకె ఆయన. మీ ఇస్త్రీ ఆవిడ మోకాలు ఏ లెక్కలోనూ లేదు. చూశాను, ఆ పట్టికలో దానికి గడే లేదు.” పెన్ను బల్ల మీద పెట్టింది. “మూసి ఉంచితే నాకు ఈ రెండోది ఎప్పటికీ కనబడదు. తెరిస్తే మొదటిది మళ్ళీ రావచ్చు. మూడు రోజులుగా రాత్రిళ్ళు ఇదే ఆలోచిస్తున్నా. తెల్లారేసరికి ఎక్కడ మొదలుపెట్టానో అక్కడే ఉంటున్నా.”

“నేనూ అంతేనండీ.”

“మరి ఎలా వచ్చారు అడగడానికి?”

“ఆలోచన తెగే దాకా ఆగితే వాళ్ళ మోకాళ్ళు ఆగవండీ.”

ఆమె సంతకం పెట్టింది. పెట్టాక, గోడకున్న అత్యవసరాల జాబితా ఊడదీసి, మందుల షాపుల కింద ఖాళీలో చేత్తో ఒక వరస రాసి, మళ్ళీ అంటించింది. అతను దగ్గరికెళ్ళి చదవలేదు.

మర్నాడు ఎనిమిది కాకముందే మేస్త్రి సందులో కుర్చీ వేస్తుంటే స్కూటరొచ్చి ఆగింది. దిగిన ఆమెను చూసి అతని చేతులు ఆగిపోయాయి. కండక్టర్ గారి కూతురు. సీటుకు తాడుతో కట్టిన, తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువును విప్పి చేతుల్లోకి తీసుకుంది. రెండు బారల దూరంలో నిలబడింది.

“నాన్నగారికి జబ్బు ఇక్కడే అంటుకుందా?”

“కచ్చితంగా తెలీదమ్మా,” అన్నాడు మేస్త్రి. “ఇక్కడే అయి ఉంటుందనే నేను అనుకుంటున్నాను. ఐదుగురినే రానివ్వమంటే ఎనిమిది మందిని రానిచ్చాను. ఆ తప్పు నాది.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “కాదంటారనుకున్నా. కాదంటే ఏమనాలో దారంతా అనుకుంటూ వచ్చాను.”

మేస్త్రి తల దించుకుని నిలబడ్డాడు. ఆమె తువ్వాలు విప్పింది.

“ఇది ఇంట్లో ఉంటే గుమ్మం పక్కన ఎవరో నిలబడ్డట్టే ఉంటోంది. ఇంకెవరికైనా పనికొస్తుందా?”

“సాకెట్ పనికిరాదమ్మా. అది ఆయన ఒక్కరి కొలతే. పైపూ పాదమూ వస్తాయి.”

“ఎవరికి?”

“పాదం దాచి ఉంచుతాను. పైపు ఇప్పుడొచ్చే ఆవిడకి సరిపోతుంది. దూరంనుంచి వస్తోంది, పాల వ్యాన్‌లో.”

“అయితే తీయండి. నేనుంటాను.”

అతను కాలును కుర్చీలో ఆనించి, బోల్టుకు కీ పెట్టి తిప్పాడు. కదల్లేదు. కండక్టర్ గారు ఒకచోట ఆగని మనిషి కదా, ఊడిపోతుందని మేస్త్రి తనే జిగురు పెట్టి బిగించాడు. ఒక చేత్తో కాలు పట్టుకుని, ఇంకో చేత్తో తిప్పితే కుర్చీ జరుగుతోంది కానీ బోల్టు వదలడం లేదు. పట్టుకోవడానికి భార్య కూడా పక్కన లేదు.

ఆమె చూస్తూ నిలబడింది కాసేపు. స్టూలు మీది సీసాలోంచి చేతులకు శానిటైజరు రాసుకుని, మాస్కు పైకి లాక్కుని, వచ్చి అటువైపు కూర్చుంది. తండ్రి కాలు దిగే సాకెట్‌ను రెండు చేతులతో ఒడిసిపట్టుకుంది.

“గట్టిగా పట్టుకోండమ్మా.”

“పట్టుకున్నా.”

మేస్త్రి ఒంటి బరువంతా కీ మీద వేశాడు. బోల్టు కిర్రుమని వదిలింది. దాన్ని తీసి ఒక డబ్బా మూతలో వేశాడు. ఆమె చేతులు తియ్యలేదు.

“ఇంకా ఎన్నున్నాయి?”

“మూడు.”

“కానివ్వండి,” అంది ఆమె, సాకెట్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కుని బిగించి పట్టుకుంటూ.